తొంభై రెండు కిలోల మొక్కు

పెనుగొండ నుంచి అన్నవరం దాకా, ఒక గోదావరి పాయని వంతెన మీద, ఇంకో పాయని పంటి అనే బల్లకట్టు మీద దాటుకుంటూ, నూట యాభై కిలోమీటర్ల పైచిలుకు, యాభై మూడేళ్ళ వయసులో నేనొక్కణ్ణే సైకిలు మీద వెళ్ళాను. ఎక్కడా బస్సెక్కలేదు. ఎవరినీ చెయ్యెత్తి లిఫ్టు అడగలేదు. బయల్దేరినప్పుడు తొంభై రెండు కిలోలున్నవాణ్ణి, కొండెక్కి త్రాసులో కూర్చునేసరికి ఎనభై ఎనిమిదికి దిగాను.

ఈ మాట మా బజార్లో ఇరవై ఏళ్ళపాటు చెప్పుకున్నాను. విన్నవాళ్ళు కాఫీలు ఇప్పించారు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కాస్త జాగ్రత్తగా నడవాలి. నోటి మాటైతే మా ఆవిడ వంటింట్లో ఉన్నప్పుడు చెప్పుకోవచ్చు. కాగితం అలా కాదు, ఎక్కడ పెట్టినా ఆవిడ కంటపడుతుంది.

మొక్కు పెరిగిన వైనం

నాకు ముప్పై నాలుగో ఏట పచ్చకామెర్లు వచ్చాయి. మనిషిని యాభై ఒక్క కిలోలకి దిగిపోయాను. చూడ్డానికొచ్చినవాళ్ళు గుమ్మం దాటాక గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. అప్పుడు మా ఆవిడ వరలక్ష్మి అన్నవరం సత్యనారాయణ స్వామికి మొక్కుకుంది, ఈయన లేచి తిరిగితే ఈయన ఎత్తు బెల్లం తులాభారం ఇస్తానని.

లేచి తిరిగాను. తిరగడంతో ఆగకుండా తినడం కూడా మొదలుపెట్టాను.

ఆ ఏడే ఎరువుల కొట్టు పెట్టాం, కొండకి వెళ్ళడం కుదరలేదు. మరుసటేడు మా అమ్మ పోయింది, ఏడాది దాకా కొండెక్కకూడదన్నారు. తర్వాత అమ్మాయి పుట్టింది. ఇలా ఏదో ఒకటి అడ్డం వస్తూనే ఉంది, నేను ఏడాదికి రెండేసి కిలోలు పెరుగుతూనే ఉన్నాను. మా బావమరిది సత్తిబాబు ఊరుకునే రకం కాదు. “బావా, ఆలస్యమయ్యేకొద్దీ స్వామివారికే లాభం, గమనిస్తున్నావా?” అనేవాడు. ఒక పెళ్ళిలో అయితే పంక్తి మధ్యలో నిలబడి, “మా బావకి గుళ్ళో త్రాసు చాలదండోయ్, ఎరువుల కొట్లో కాటా పట్టుకెళ్ళాలి!” అన్నాడు. విస్తళ్ళ ముందున్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వి, ఇంటికొచ్చి ఒట్టు పెట్టుకున్నాను. ఎనభై కిలోల కిందికి దిగితే తప్ప త్రాసులో కూర్చోనని.

సైకిలు కొన్నాను. మూడేళ్ళు, వానైనా మంచైనా, తెల్లారగట్ల గోదావరి మీద సిద్ధాంతం ఊరి వంతెన దాకా తొక్కడం, వెనక్కి రావడం. ఆ దూరమంతా కలిపితే కాశీకి వెళ్ళి వచ్చేవాణ్ణి. రోజూ కొట్లో కాటా ఎక్కేవాణ్ణి. రెండు యూరియా బస్తాలకి ఎనిమిది కిలోలు తక్కువ. నిన్నా అంతే, ఇవాళా అంతే. మా డాక్టరుగారు పరీక్ష చేసి, “సైకిలు వల్ల మీకు మేలే జరిగిందండి. గుండె బాగుంది. ఆకలి ఇంకా బాగుంది” అన్నారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. సిద్ధాంతం వంతెన దగ్గర ఒక పాక హోటలుంది. అక్కడ పెసరట్టులో ఉప్మా పెట్టి మడిచి, పైన అల్లం చట్నీ వేసి ఇస్తారు. అంత దూరం తొక్కినవాడికి ఆకలెయ్యదా? తిరిగొచ్చేటప్పుడు ఆ పెసరట్టుని కూడా మోస్తూ తొక్కాలి కదా, అదొక అదనపు కసరత్తు అని సమాధానం చెప్పుకునేవాణ్ణి. రోజుకి ఒకటే తినేవాణ్ణి.

సరే, రెండు.

ఆ మాఘమాసంలో వరలక్ష్మి నన్నడక్కుండానే దశమికి ముహూర్తం పెట్టించేసింది. “మీరు ఎనభై ఉన్నా సరే, నూట ఎనభై ఉన్నా సరే. ఇంక నా వల్ల కాదు” అంది. ఎందుకు కాదో నేనడగలేదు. పౌరుషానికి పోయి, సైకిలు మీదే వస్తానన్నాను. మూడేళ్ళలో కరగనిది నాలుగు రోజుల ఏకబిగి తొక్కుడుకి కరుగుతుందని నా లెక్క. ఆవిడ కొట్లోకి వచ్చి, కాటా మీద ముల్లు ఎక్కడుందో కళ్ళజోడు పెట్టుకుని చూసి, సరిగ్గా తొంభై రెండు కిలోల బెల్లానికి పురమాయించింది.

“అంత దేనికే, మిగిలిపోతుంది” అన్నాను.

“మిగిలితే పంచుతాను. మీరు మాత్రం ఆ వేళకి రండి. అది చాలు.”

రావులపాలెం

సప్తమి నాడు మంచులో బయల్దేరాను. సిద్ధాంతం హోటలు ముందు సైకిలు దానంతటదే ఆగింది. మూడేళ్ళ అలవాటు, ఇనుముకైనా ఉంటుంది. బలవంతాన తల తిప్పుకుని వంతెనెక్కాను. నిజంగానే తిప్పుకున్నాను, ఇందులో అబద్ధం లేదు. ఇసుక తిన్నెల మీద నుంచి గాలి ఎదురు కొట్టింది, నాలుగు చోట్ల దిగి నడిపించాను.

రావులపాలెం అరటికాయల మార్కెట్టు చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. లంక గ్రామాల నుంచి గెలలన్నీ సైకిళ్ళ మీదే వస్తాయి. ఒక్కో సైకిలుకి అటు ఆరు, ఇటు ఆరు, వెనక రెండు. దూరం నుంచి చూస్తే అరటితోటే నడిచొస్తున్నట్టుంటుంది, మనిషి కనపడడు. గెలలు దించాక కనపడ్డ మనిషి నా చెయ్యంత ఉన్నాడు.

“ఎన్నేళ్ళుగా తొక్కుతున్నావయ్యా?” అనడిగాను.

“పాతికేళ్ళండి.”

“నేను మూడేళ్ళుగా తొక్కుతున్నాను. నాకేం తగ్గలేదేం?”

అతను నన్నూ నా సైకిలునీ ఒకసారి చూశాడు. “మీరు బువ్వ తిని తొక్కుతున్నారండి. మేం తొక్కితే బువ్వండి” అని, నా మొహం చూసి జాలేసి, గెలలోంచి డజను పళ్ళ చక్రకేళి అత్తం ఒకటి విరిచి హేండిలుకి తగిలించాడు. డబ్బులివ్వబోతే, “ఆయ్, ఎండనపడి వెళ్తన్నారు, ఉంచండి” అన్నాడు. అప్పటి ధర డజను ఆరు రూపాయలు. ఊరు దాటేలోపు అత్తం ఖాళీ అయిపోయింది. హేండిలు బరువైతే తొక్కడం కష్టం కదా.

అంబాజీపేట

దారిపొడుగునా ఒక సంగతి అర్థమైంది. మా దేశంలో చొక్కా ఇస్త్రీ చేసి ఉన్న మనిషి, నా అంత శరీరం ఉన్నవాడు, సైకిలు మీద పరాయి ఊరొచ్చాడంటే ఆరోగ్యం కోసమని ఎవరూ అనుకోరు. ఏదో కష్టం వచ్చిందనుకుంటారు. కొత్తపేటలో చెరుకురసం బండివాడు “బస్సు డబ్బులు పోగొట్టుకున్నారాండి?” అని రెండో గ్లాసు ఊరికే పోశాడు. కష్టంలో ఉన్నవాడికి గోదావరి మనుషులు ధైర్యం చెప్పరు. తిండి పెడతారు.

సాయంత్రానికి అంబాజీపేట చేరాను. అక్కడ పొట్టిక్కలు తినాలి. ఇడ్లీ పిండే, కానీ పనసాకుల్ని నాలుగు పుల్లలతో బుట్టగా కుట్టి అందులో ఉడికిస్తారు. మా పెనుగొండ ఇడ్లీకి చట్నీ తోడు కావాలి. దీనికి ఆకు వాసనే చాలు. జత మూడు రూపాయలు. హోటలాయన నా సైకిలు వంక చూసి, “ఎందాకా?” అన్నాడు. అన్నవరం అన్నాను. “మొక్కాండి?” “మొక్కే.” “అయితే ఇంకో జత తినాలి మీరు. మధ్యలో నీరసపడితే ఆ పాపం మాకు” అన్నాడు. ఆ పాపం ఆయనకి అంటకుండా చూశాను. ఆ రాత్రి అక్కడే లాడ్జిలో పడుకున్నాను.

అమలాపురం బస్టాండు

అష్టమి పొద్దున్నే అమలాపురం. బస్టాండులో ఒకాయన బరువు చూసే మెషిను ముందు పెట్టుకుని కూర్చున్నాడు, మనిషికి రూపాయి. చెప్పులు విప్పి ఎక్కాను. జేబులో చిల్లర తీసి పక్కన పెట్టి మళ్ళీ ఎక్కాను.

తొంభై మూడు.

“మీ మెషిను తప్పు చూపిస్తోందండీ” అన్నాను.

“అందరూ అదే అంటారండి. లావున్నోళ్ళు ఎక్కువ చూపిస్తందంటారు, సన్నపోళ్ళు తక్కువ చూపిస్తందంటారు. ఒక్కళ్ళూ బాగుందన్లేదు” అని రూపాయి జేబులో వేసుకున్నాడు.

ఇక్కడ రెండో సంగతి ఒప్పుకోవాలి. ఆ బస్టాండు బల్ల మీద కూర్చుని ఒక పన్నాగం పన్నాను. కాకినాడ దాకా వెళ్ళి, అక్కణ్ణించి ఫోను చేసి, మోకాలు పట్టేసింది, కదల్లేకపోతున్నాను అని చెప్పడం. ముహూర్తం తప్పిపోతుంది. కార్తీకం దాకా గడువు దొరుకుతుంది. కార్తీకానికి ఎనభైకి దిగొచ్చు. పంతొమ్మిదేళ్ళు ఆగిన స్వామి ఇంకో తొమ్మిది నెలలు ఆగలేడా? సత్తిబాబు ముందు తొంభై మూడు కిలోలతో త్రాసులో కూర్చోవడం కంటే అది నయమనిపించింది. ఆ ఊహతో మనసు తేలికపడి, మినపరొట్టె తిని బయల్దేరాను.

ముక్తేశ్వరం

రేవు ఇంకో అరమైలుందనగా ట్యూబు పేలింది. కొబ్బరితోటలో ఒక పెంకుటిల్లు, అరుగు మీద నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న పెద్దాయన. పంచరు వేసేవాడెక్కడ అనడిగాను.

“వాడు అన్నానికి వెళ్ళుంటాడండి ఈ వేళప్పుడు. మీరూ లోపలికి రండి” అన్నాడాయన. వద్దన్నాను. “భోజనాల వేళ గుమ్మం దాకా వచ్చి తినకుండా వెళ్ళిపోతే ఊళ్ళో మా పరువేం కానండి?” అని నా సైకిలుకి తాళం వేసి తాళంచెవి బొడ్లో దోపుకున్నాడు. ఆయన పేరు బుల్లెబ్బాయిగారు. వాళ్ళావిడ సీతమ్మగారు అప్పటికే రెండో విస్తరి వేసేసింది.

“ఇంట్లో గొడవపడి వచ్చేశారా అన్నయ్యగారూ?” అంది వడ్డిస్తూ.

“లేదమ్మా, మా ఆవిడకి చెప్పే వచ్చాను.”

“అందరూ అలాగే అంటారు. ముందు తినండి.”

కామెర్ల దగ్గర్నుంచి తులాభారం దాకా నా కథంతా చెప్పాను. పనసపొట్టు కూర ఆవ పెట్టి వండింది. కందా బచ్చలీ ఉంది. వీటన్నిటినీ పక్కకి నెట్టేసే గుత్తివంకాయ ఉంది. మా వైపు వంకాయలో ధనియాలు, కొబ్బరి కూరతారు. ఆవిడ నువ్వులు కూడా కూరింది. మూడుసార్లు వేయించుకున్నాను. మేం లేచి అరుగు మీదికి వచ్చాక ఆవిడ తన విస్తరి ముందు కూర్చుంది. గుమ్మంలోంచి చూస్తే విస్తట్లో వంకాయ లేదు.

“కూరంతా మేమే తినేశామా అమ్మా?” అన్నాను సిగ్గుపడి.

“లేదండి, గిన్నెలో బోల్డుంది. నేను తిననంతే. ఈయన కంటి ఆపరేషనప్పుడు తిరుపతి మొక్కుకున్నాను. అది తీరేదాకా వంకాయ వదిలేశాను. రెండేళ్ళయింది.”

“నాకు చూపొచ్చింది, ఆవిడకి వంకాయ పోయింది” అన్నారు బుల్లెబ్బాయిగారు. “ఈ వేసవికి తీసుకెళ్తానే.”

“పోయినేడూ ఇదే మాటన్నారు.”

ఆయన నా వైపు తిరిగారు. “ఆడాళ్ళు మొక్కుకుంటే అంతే కదండీ, తీరేదాకా ఇష్టమైంది ఒకటి నోటికి దూరం పెడతారు. మీ వైపు లేదా ఇది?”

“ఉందండి” అన్నాను.

“మరి మీ ఆవిడగారు ఏం వదిలేశారు అన్నయ్యగారూ?” అంది సీతమ్మగారు లోపల్నుంచి.

నేను లేచి, బుల్లెబ్బాయిగార్ని సైకిలు తాళంచెవి అడిగాను.

కోటిపల్లి పంటి

పంచరు వేయించుకుని పంటి ఎక్కాను. రెండు పడవల మీద పలకలు పరిచిన బల్లకట్టు అది. మనుషులు, మోటారు సైకిళ్ళు, ఒక గేదె, నేను. పక్కనున్నాయన నా ఖాళీ సంచీ చూసి, “యానాం సరుక్కాండి?” అని కన్ను గీటాడు. అక్కడ మందు చవకని ఇటు మనుషులు ఖాళీ సంచులతో వెళ్ళి నిండు సంచులతో వస్తారు. మామూలప్పుడైతే ఆయనతో గంటసేపు మాట్లాడేవాణ్ణి. ఆ రోజు నా ధ్యాసంతా లెక్కల్లో ఉంది.

వరలక్ష్మి ఏం తినదు? కాఫీ తాగుతుంది. వంకాయ తింటుంది. పెరుగు లేనిదే ముద్ద దిగదు. చేపల పులుసు వండిన రోజు మొదటి ముక్క తనే చూస్తుంది, ఉప్పు సరిపోయిందో లేదోనని. రుచి చూడకుండా ఏం వండుతుంది?

అరిసెలు. పాకం పట్టి, రుచి చూడమని పక్కింటావిణ్ణి పిలుస్తుంది. బొబ్బట్లు చేసి, అన్నీ నా కంచంలోకే తోస్తుంది. “నువ్వు తినవేంటే?” అంటే “పళ్ళు జివ్వుమంటాయండీ” అంటుంది. పెళ్ళైన కొత్తలో ఈ మనిషే కొంగుకి బెల్లం ముక్క ముడేసుకుని, వంట చేస్తూ కొరుక్కునేది. మా అమ్మ చీమలు పడతాయే అని కసిరేది కూడా.

పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ వాటా అరిసెలు నేనే తింటున్నాను. అంత పళ్ళనొప్పి ఉన్న మనిషిని ఒక్కసారైనా పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళానా? లేదు. వాటా కలిసొచ్చింది కదా అని ఊరుకున్నాను.

ద్రాక్షారామం

భీమేశ్వరుడికి బయటనుంచే దణ్ణం పెట్టుకుని ఎస్టీడీ బూతులో దూరాను. ఆ రోజుల్లో ఎర్ర అంకెలు పరుగెత్తే మెషిను ఎదురుగా ఉంటే ఎవరూ ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఇంటికి ఫోను చేస్తే ఆవిడే ఎత్తింది.

“వరం, నీకు పళ్ళు జివ్వుమనడం ఎప్పట్నుంచే?”

ఎర్ర అంకెలు తిరుగుతున్నాయి.

“మీ కామెర్లు తగ్గిన దగ్గర్నుంచి” అంది.

“నాకు చెప్పలేదేం?”

“చెప్పేదేంటి? మొక్కు నాది. తీర్చడం మీ చేతిలో ఉంది. వస్తున్నారా లేదా?”

“వస్తున్నాను.”

“మోకాలు బాగానే ఉందా?”

మోకాలి మాట ఆవిడకెలా తట్టిందో నాకు ఈ రోజుకీ తెలీదు. నేను మోకాలి గురించి ఎవరితోనూ అనలేదు. అమలాపురం బస్టాండు బల్లతో కూడా అనలేదు.

కాకినాడ దాటాక

నవమి నాడు చుక్క ఉండగానే ద్రాక్షారామం నుంచి బయల్దేరాను. ఎక్కడా ఆగలేదు, ఏమీ తినలేదు. కాకినాడ దాటి పిఠాపురం దారిలో పడేసరికి దేవుడికి నా పన్నాగం గుర్తొచ్చినట్టుంది. కుడి మోకాలు నిజంగానే పట్టేసింది. కల్వర్టు మీద కూలబడి, మడమ కింద పెట్టలేక, ఫోను చేస్తే ఎవరు నమ్ముతారా అని నవ్వుకున్నాను. ఆ తర్వాత నవ్వు రాలేదు. తెల్లారితే దశమి. ముహూర్తం తప్పితే మళ్ళీ కార్తీకం. ఇంకో తొమ్మిది నెలలు ఆ మనిషి పాకం రుచి చూడ్డానికి పక్కింటావిణ్ణి పిలుస్తుంది.

ఇదిగో, మూడో ఒప్పుకోలు. నేను చెయ్యెత్తి ఎవరినీ లిఫ్టు అడగలేదన్న మాట నిజం. అమలాపురం కొబ్బరికాయల లారీ ఒకటి దానంతటదే ఆగింది. డ్రైవరు దిగొచ్చి, “ఏంటి బాబాయిగారూ, కల్వర్టు మీద కూకుని కుంటి కొంగలా?” అన్నాడు. అన్నవరం అన్నాను. సైకిలెత్తి కాయల మీద పడేసి, నన్ను కేబిన్లోకి తోశాడు. లారీని బస్సని ఎవరూ అనరు కాబట్టి బస్సెక్కలేదన్న మాట కూడా నిజమే. కత్తిపూడిలో ఇద్దరం భోజనం చేశాం. డబ్బులు తీసుకోలేదు. “స్వామికి నా పేరు చెప్పండి” అన్నాడు. పేరు అడగడం మర్చిపోయాను. కొండ మీద “కొబ్బరికాయల లారీ అబ్బాయి” అని చెప్పాను, ఆయనకి తెలిసే ఉంటుంది.

ఊరికి కిలోమీటరు ముందు దిగిపోయాను. ఆ రాత్రి అక్కడే ఒక సత్రంలో మోకాలికి ఆవనూనె రాసుకుని, దశమి పొద్దున్నే, మావాళ్ళ వ్యాను కొండ కింద ఆగే సమయానికి, ఎదురుగా సైకిలు తొక్కుకుంటూ వచ్చాను. సత్తిబాబు నోరు తెరిచాడు. చివరి కిలోమీటరు మాత్రం ఎవరేమన్నా సరే, నేను తొక్కిందే.

రత్నగిరి

తులాభారం త్రాసు మీరనుకున్నంత భయంకరమైంది కాదు. గొలుసులతో వేలాడే రెండు పళ్ళేలు, అంతే. ఒకదాంట్లో నేను కూర్చున్నాను. రెండోదాంట్లో బెల్లం దిమ్మలు పేర్చారు. తులసిదళానికి తూగిపోవడానికి నేనేమీ కృష్ణుణ్ణి కాదు, అయినా ఎనభై ఎనిమిదో కిలో పడేసరికి నా పళ్ళెం పైకి లేచింది. నాలుగు కిలోలు మిగిలిపోయాయి. చుట్టూ ఉన్నవాళ్ళు గోవిందా అన్నారు.

పూజారి పళ్ళెంలోంచి ఒక ముక్క విరిచి వరలక్ష్మి చేతిలో పెట్టాడు. అందరం ఆవిణ్ణే చూస్తున్నాం. కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది. కొరకలేదు, బుగ్గన పెట్టుకుంది. పెళ్ళైన కొత్తలో లాగే. ఆవిడ కళ్ళ వెంట బొటబొటా నీళ్ళు కారాయి. నేను మగాణ్ణి కాబట్టి పక్కకి తిరిగి, కొండ కింద పంపానది వంక చూస్తూ గంభీరంగా నిలబడ్డాను.

ఇంతవరకూ రాసి, నిన్న సాయంత్రం మా ఆవిడకి చదివి వినిపించాను. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ విన్నది. లారీ దగ్గర తల కూడా ఎత్తలేదు. అయిపోయాక చేట పక్కన పెట్టింది.

“ఎనభై ఎనిమిదెక్కడివి? తొంభై నాలుగు. నా తొంభై రెండు కిలోలూ వేసినా మీ పళ్ళెం నేలనొదల్లేదు. సత్తిబాబు కొండ దిగి ఇంకో రెండు దిమ్మలు కొనుక్కొచ్చేదాకా అరగంట మీరందులోనే కూర్చున్నారు. ఆ అరగంటలో పక్కావిడ ఇచ్చిన ప్రసాదం పొట్లం కూడా తిన్నారు. ఇంకోటి, నేనేం ఏడవలేదు. గుడంతా వినపడేలా మీరు ఏడుస్తుంటే ఊరుకోబెట్టడానికే సరిపోయింది. ఆ బెల్లం తీపో కాదో కూడా నాకు తెలీలేదు.”